లంగరు క్లబ్బు నేలకి ఏ రంగు?

సీతారామాంజనేయులుగారు ఏదీ ఎంచుకోలేరు. ఇది ఆయన శత్రువులు పుట్టించిన మాట కాదు. ఆయనకి శత్రువులు లేరు. ఎవరిని పెట్టుకోవాలో తేల్చుకోలేకపోయారు. ఎదురుగా రెండు వస్తువులుంటే ఏది తీసుకోవాలో తెలీదు. ఒకటే ఉంటే, రెండోది చూడకుండా మొదటిది ఎలా తీసుకోవడం అంటారు. "ఏటో బావా… ఇంకోటి చూద్దాం" అన్నది ఆయన ఊతపదం. నిద్రలో కూడా అదే అంటారని, బహుశా కలలు మారుస్తుంటారని, భార్య పద్మావతిగారు చెప్పేది.

ఈ విషయంలో విశాఖపట్నంలో ఆయన్ని ఎరిగిన ప్రతివాడి దగ్గరా ఒక సాక్ష్యం ఉంది. ఆదివారం పొద్దున్నే సంచి పట్టుకుని చేపలకని ఫిషింగ్ హార్బరుకి వెళ్ళేవారు. వంజరమా, చందువా? చందువ కన్ను బావుంది, వంజరం ఒళ్ళు బావుంది. ఈ గుట్ట నుంచి ఆ గుట్టకి నాలుగుసార్లు తిరిగేసరికి వేలంపాట అయిపోయి గంపలు బోర్లించేసేవారు. ఒకసారి ఇంటికి ఐసుగడ్డ తెచ్చారు. "అదొక్కటే మిగిలింది పద్మావతీ" అన్నారు. ఆవిడ దాన్ని తొట్టిలో పడేసి పప్పుచారు పెట్టింది.

కూతురు పుట్టినప్పుడు పద్దెనిమిది పేర్లు రాసుకున్నారు. ఏ ఒక్కటి పెట్టినా తక్కిన పదిహేడింటికీ అన్యాయమవుతుందని ఆగారు. ఆ పిల్ల ఐదేళ్ళు 'పాప'గానే పెరిగింది. బళ్ళో చేర్చేరోజున హెడ్మాస్టరు గంటసేపు ఓపికపట్టి, చివరికి తన అత్తగారి పేరు గౌరీశ్వరి అని రాసిపారేశాడు. "మంచి పేరే మాస్టారూ, కానీ ఇంకోటి…" అని ఈయన అనేలోపల సిరా ఆరిపోయింది. ఇక మీసం. ఉంచాలో తీసెయ్యాలో తేలక, దగ్గరికి వస్తే ఉన్నట్టూ దూరం నుంచి లేనట్టూ కనిపించే సన్నగీత ఒకటి జీవితమంతా మోశారు.

ఇలాంటి మనిషి లంగరు క్లబ్బుకి పదకొండేళ్ళు కార్యదర్శి. క్లబ్బులో గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగులది ఒక వర్గం, ఊరివాళ్ళది ఒక వర్గం. ఆయన ఊరివాడే అయినా ఏ వర్గంలో చేరాలో తేల్చుకోలేదు కనక రెండు వర్గాలూ ఆయన్నే ఎన్నుకునేవి. మనం నిష్పాక్షికత అని దండలు వేసి పొగిడేదాంట్లో సగం ఇలాంటి సరుకే.

ఆయన వల్ల అందరికంటే ఎక్కువ నలిగినవాడు రమణమూర్తి. తణుకు నుంచి వచ్చి స్టీల్ ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో చేరినవాడు, క్లబ్బుకి ఆటల కార్యదర్శి. పన్నెండేళ్ళుగా సిమెంటు నేల మీద షటిల్ ఆడి ఆడి రెండు మోకాళ్ళూ అరగదీసుకున్నాడు. వయసు ముప్ఫైతొమ్మిది. వచ్చే ఏడాది నుంచి టోర్నమెంట్లలో అతన్ని ముసలివాళ్ళ జాబితాలో వేస్తారు. ఆ లోపల ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చెక్కనేల మీద అసలు పోటీ ఆడాలన్నది అతని కోరిక. ఇంకే కోరికలూ లేవు. ఉన్నవాటిని మోకాళ్ళు ఒప్పుకోలేదు.

ఎనభై మూడులో అదృష్టం ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఒక పాత సరుకుల ఓడని తీరంలో విరగ్గొడుతుంటే దాని డెక్కు చెక్కలు, అచ్చమైన బర్మా టేకు, క్లబ్బుకి దొరికాయి. జూన్ నెలాఖరుకి షటిల్ హాలంతా పరిచేశారు. చిత్రిక పట్టేశారు. ఇక రంగు పట్టించి, పైన పూత వెయ్యడం ఒక్కటే మిగిలింది. మూడు వారాల పని. ఫిబ్రవరిలో క్లబ్బుల మధ్య టోర్నమెంటు. జనవరి నెలాఖరుకి నేల సిద్ధంగా లేకపోతే టోర్నమెంటు ఇంకో క్లబ్బుకి, అంటే మళ్ళీ సిమెంటు మీదికి, పోతుంది. చేతిలో ఏడు నెలలు. రమణమూర్తి కొత్త బూట్లు కొనుక్కున్నాడు.

కానీ రంగు ఎంచే బాధ్యత కార్యదర్శిది.

పాలీషు పనికి దాలయ్యని పిలిచారు. భీమిలి మనిషి, అరవై దాటాయి. నలభై ఏళ్ళు ఓడల్లో కెప్టెన్ల గదులకి పాలీషు పట్టినవాడు. వచ్చాడు, వంగి నేలని అరచేత్తో నిమిరాడు, వాసన చూశాడు. "ఈ సెక్క నాకు తెలుసు బాబూ" అన్నాడు, పాత స్నేహితుణ్ణి గుర్తుపట్టినట్టు. రమణమూర్తి వైపు మాత్రం చూడలేదు. పలకరిస్తేగానీ పలకడు. పనిమంతుడి పొగరు అనుకున్నాడు రమణమూర్తి.

జూలై పదకొండున దాలయ్య మొదటి నమూనా తెచ్చాడు. మూరెడు చెక్కకి రంగు పట్టించి, పైన వార్నీషు పూత వేసి తెచ్చాడు. పాత బెల్లం రంగు. చూడగానే రమణమూర్తికి ప్రాణం లేచొచ్చింది.

"అదిరిందండీ బాబూ! ఇదే ఖాయం చేసేద్దాం" అన్నాడు.

ఆంజనేయులుగారు చెక్కని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళారు. వరండాలోకి తీసుకెళ్ళారు. కళ్ళద్దాలు పెట్టి చూశారు, తీసి చూశారు. గంట గడిచింది. చెక్కనీ, దాలయ్యనీ మార్చి మార్చి చూసి, చివరికి గొంతు సవరించుకున్నారు.

"ఏటో బావా… ఇంకోటి చూద్దాం."

"దీనికేమైందండీ?"

"ఏమీ అవలేదు. అదే అనుమానంగా ఉంది. దాలయ్యా, కొంచెం ఎరుపు కలిపి ఇంకోటి పట్రా."

"అలాగే బాబూ. తొందరేటుంది" అన్నాడు దాలయ్య.

తొందరేముందో చెప్పడానికి నోరు తెరిచిన రమణమూర్తి వైపు ఇద్దరూ చూడలేదు.

రెండోది వచ్చింది. కొంచెం తక్కువ ఎరుపుతో మూడోది వచ్చింది. లేతగా నాలుగోది, ముదురుగా ఐదోది, మెరుపు చంపి ఆరోది. వారానికొకటి, ఒక్కోసారి రెండు. ఆంజనేయులుగారు ప్రతిదానికీ ఒక చీటీ అంటించి హాలు గోడకి ఆనించేవారు. 'జీడిగింజ'. 'కాఫీ డికాషన్'. 'దాల్చినచెక్క'. 'కాచు'. సెప్టెంబరు వచ్చేసరికి సభ్యులు పేకాట మానేసి చెక్కల ముందు నిలబడి కొట్టుకోవడం మొదలుపెట్టారు. గోదావరి వర్గం జీడిగింజకి నిలబడింది. ఊరివర్గం దాల్చినచెక్క తప్ప ఒప్పుకోనంది. జీడిగింజ మీద తెల్లటి షటిల్ కాక్ కనపడదని ఒకరు, దాల్చినచెక్క మీద చెమట మరకలు కనిపిస్తాయని ఇంకొకరు. ఇద్దరు సభ్యులకి మాటల్లేకుండా పోయాయి.

రమణమూర్తికి తిక్క పుట్టుకొచ్చింది. పదకొండో చెక్క 'కాచు' తప్ప ఇంకేదీ షటిల్‌కి పనికిరాదని తేల్చేశాడు. పద్నాలుగోది 'తాటిబెల్లం' రాగానే, "ఇది కాచుకి పూర్తిగా వ్యతిరేకం! ఇది పెడితే నేను రాజీనామా ఇచ్చేస్తాను" అని కేక వేశాడు.

"ఇంత తేడా ఉందంటావా?" అన్నారు ఆంజనేయులుగారు ఆసక్తిగా.

"గుడ్డివాడికైనా తెలుస్తుందండీ!"

ఆంజనేయులుగారు అదోలా దగ్గి, చీటీ సరిచేశారు.

ప్రతి చెక్కకీ ఏదో ఒక మూల బొటనవేలంత మేర రంగు లేకుండా వదిలేసి ఉండేది. రమణమూర్తి అదేమిటని అడిగితే, క్లబ్బు అధ్యక్షుడు నీలకంఠంగారు జాలిగా నవ్వారు. ఆయన కస్టమ్స్‌లో రిటైరైనవారు. తెలియని విషయం ఇంతవరకూ ఎదురుపడలేదు.

"అది కావాలని వదుల్తాడయ్యా, అసలు చెక్కతో పోల్చుకోడానికి. ఇంగ్లీషువాళ్ళ పద్ధతి. వీళ్ళు ఓడల్లో నేర్చుకున్నారు."

అందరూ ఆ మూలలు చూసి తలలూపారు. ఆంజనేయులుగారు మాత్రం, "అంతేనంటారా? ఇంకేదైనా కారణం…" అని సగంలో ఆపేశారు. ఆయన సగంలో ఆపితే ఎవరూ పట్టించుకోరు. మొత్తం మాట ఎప్పుడన్నారు కనక!

వానల్లో ఒకరోజు నీలకంఠంగారి వానకోటు కొక్కేనికి వేలాడుతోంది. దాలయ్య ఇరవయ్యో చెక్క చంకన పెట్టుకుని వచ్చి, ఆ కోటు ముందు ఆగి, చేతులు జోడించాడు.

"దండాలు పెసిడెంటు బాబూ. ఒంట్లో బాగుందా?"

నీలకంఠంగారు ఆ మూల కుర్చీలో ఎర్రబడ్డారు. ఆంజనేయులుగారు ఒక్క గెంతులో కోటు పక్కకి వెళ్ళి, "బాగుంది, బాగుంది. రా దాలయ్యా, ఇలా రా" అని భుజం పట్టుకుని కిటికీ దగ్గరకి నడిపించుకుపోయారు. కార్యదర్శి పిచ్చి పనివాడికి కూడా అంటుకుందని రమణమూర్తి నిర్ధారించుకున్నాడు.

ఇక లాభం లేదని ఆయన ఇంటికే వెళ్ళాడు. ఆంజనేయులుగారు లేరు. పద్మావతిగారు కాఫీ ఇచ్చింది.

"ఐదు నెలలు కావస్తోందండీ. ఒక్క రంగు! మీరైనా చెప్పండి" అన్నాడు.

"నాను చెప్తే వింటారేటి, తమ్ముడూ? నన్ను చూసుకోడానికి మూడుసార్లు వచ్చారు. మూడోసారి మా నాన్న లగ్నపత్రిక రాయించి పెట్టుకుని తలుపేసీసేడు. అలా అయింది పెళ్ళి" అంది ఆవిడ. ఆ తరవాత గొంతు తగ్గించింది. "అయినా ఈ మధ్య ఏటో తేడాగా ఉంది. కంటి డాక్టరు దగ్గరకి తిరుగుతన్నారు. అడిగితే రంగులు తెలీడం లేదంటారు."

రమణమూర్తికి దిమ్మ తిరిగింది. రంగులు తెలియని మనిషి చేతిలో రంగు ఎంపిక! జాలి, కోపం కలిసి వచ్చాయి. ఏది ముందు పడాలో తేలక, చల్లారిన కాఫీ తాగేసి లేచొచ్చాడు.

నవంబరు చివర్లో దాలయ్య మాయమయ్యాడు. అప్పటికి ఇరవయ్యేడు చెక్కలు గోడకి ఆని ఉన్నాయి.

"జైపూరు వెళ్ళాడు బావా. అక్కడ కొండల్లో ఏదో రంగుమట్టి దొరుకుతుందట. ఓ నలభై రోజుల్లో వచ్చేస్తాడు" అన్నారు ఆంజనేయులుగారు.

"మట్టికి నలభై రోజులా? ఆ కొండ తవ్వుకొస్తున్నాడా?"

"మంచిమట్టి ఏదో చూసి ఎంచుకోవాలి కదా."

రమణమూర్తి ఆగలేదు. కలకత్తా నుంచి వార్నీషు కంపెనీ ఏజెంటుని పిలిపించాడు. టై కట్టుకున్న మనిషి, తోలుసంచిలో కేటలాగు. పది రోజుల్లో నేల అద్దంలా చేసి ఇస్తానన్నాడు. కమిటీ అంతా ఒప్పుకుంది. కార్యదర్శి సంతకం ఒక్కటే తక్కువ.

"ఇందులో ఎన్ని రంగులున్నాయి?" అన్నారు ఆంజనేయులుగారు.

"అరవై నాలుగు సార్" అన్నాడు ఏజెంటు గర్వంగా. పాపం, ఆ అంకె చెప్పకుండా ఉండాల్సింది.

ఆంజనేయులుగారి మొహం వెలిగింది. మొదటి పేజీ తెరిచారు. కాఫీలు వచ్చాయి. భోజనాలయ్యాయి. పదకొండో రంగుకీ పన్నెండో రంగుకీ తేడా ఏమిటో మూడోసారి చెప్పించుకున్నారు. ఏజెంటు టై వదులు చేశాడు. ముప్ఫయ్యో రంగు దగ్గర టై తీసేశాడు. "నలభైకి వచ్చాం, మళ్ళీ మొదటిది ఒకసారి చూద్దాం" అన్నప్పుడు, రైలుకి టైమైందని చెప్పి కేటలాగు వదిలేసి పారిపోయాడు. రైలు మర్నాడు పొద్దున్న.

రమణమూర్తి అక్కడికక్కడే రాజీనామా రాసి చేతిలో పెట్టాడు. ఆంజనేయులుగారు దాన్ని రెండుసార్లు చదివి, చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"ఒప్పుకోవాలో వద్దో… ఆలోచించి చెప్తాను బావా."

అంటే రాజీనామా కూడా చెయ్యలేడన్నమాట! ఆ రోజు రమణమూర్తి కొత్త బూట్లు అటకెక్కించేశాడు.

జనవరి మొదటివారంలో దాలయ్య తిరిగొచ్చాడు. ముక్కు మీద సీసా అడుగుల్లాంటి అద్దాలు, వాటి వెనక కోడిగుడ్లంత కళ్ళు. గుమ్మంలో ఆగి, ఎవరూ పలకరించకముందే, "దండాలు రమణమూర్తి బాబూ. సిక్కిపోయారేటి?" అన్నాడు. ఆర్నెల్లలో ఆ మనిషి రమణమూర్తిని తనంతట తనే పలకరించడం అదే మొదలు.

కమిటీ మొత్తం ఉంది. దాలయ్య గోడ దగ్గరకి వెళ్ళి మొదటి చెక్క తీశాడు. చూశాడు. రెండోది తీశాడు. ముక్కుకి ఆనించుకుని మూడోది. అలా ఇరవయ్యేడూ చూసి, నడుం మీద చెయ్యేసుకుని వెనక్కి తిరిగాడు.

"ఇదేటి బాబూ? ఒకే రంగుని ఇరవయ్యేడుసార్లు నా సేత ఎందుకు పూయించినారు?"

అందరూ గోడ వైపు తిరిగారు.

"ఒకే రంగేమిటి?" అన్నారు నీలకంఠంగారు. "అది జీడిగింజ, ఇది దాల్చినచెక్క…"

దాలయ్య గోళ్ళతో చీటీలు పీకి, రెండు చెక్కలూ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు. "ఇప్పుడు సెప్పండి, ఏది ఏటో?"

నీలకంఠంగారు చూశారు. కుడిది చూశారు, ఎడమది చూశారు. జీవితంలో మొదటిసారి ఆయనకి తెలియని విషయం ఎదురుపడింది. రమణమూర్తి పరుగున వెళ్ళి కాచునీ తాటిబెల్లాన్నీ పక్కపక్కన పెట్టాడు. అవి కవలపిల్లల్లా ఉన్నాయి. తను దేనికోసం రాజీనామా ఇస్తానన్నాడో ఆ తేడా కోసం చాలాసేపు వెతికాడు. చీటీ తప్ప తేడా లేదు.

"నా సెయ్యి నలభై ఏళ్ళు ఒకే పాళ్ళు కలిపింది బాబూ" అన్నాడు దాలయ్య తల గోక్కుంటూ. "కన్ను సెప్పకపోతే సెయ్యి దాని దారిన అదే కలిపీసుకుంటాది. మరి ఈ మూలలు ఒగ్గేసినాను, సిగ్గులేకండా! ఒక్కలూ సెప్పలేదేటి?"

"అది… పోల్చుకోడానికి కదూ?" అన్నారు నీలకంఠంగారు నీరసంగా.

"పోల్సుకోడానికా! కనబడక ఒగ్గేసినాను బాబూ!"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరవాత హాలంతా పగలబడి నవ్వింది. మాటల్లేని ఇద్దరు సభ్యులు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. ఆంజనేయులుగారు మాత్రం ఏ కుర్చీలో కూచోవాలో తేలనట్టు రెండింటి మధ్య నిలబడి ఉన్నారు.

రమణమూర్తి దాలయ్యని వరండాలోకి లాక్కెళ్ళాడు.

"జైపూరు ఎందుకెళ్ళావు?"

"జైపూరేటి? కంటి ఆస్పత్రిలో ఉన్నాను. కన్ను కోసినారు." దాలయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవలికీ సెప్పకండి బాబూ, ఆ సెగట్రీ బాబు పరువు పోతాది. పాపం, ఆయనకి రంగులు తెలవ్వు! జూలైలో నా కాడికొచ్చి, 'దాలయ్యా, నా కళ్ళకి ఏటో అయింది. ఒక్కణ్ణీ డాక్టరు కాడికెల్లడానికి బయమేస్తంది, తోడు రావా' అన్నారు. జాలేసింది. నానే సెయ్యట్టుకుని తీసుకెల్లినాను. డాక్టరు ఆయన్ని సూసి, ఎలాగూ వచ్చేవు కదాని నన్నూ సూసినాడు. నాకే పొర ఉందట! ఇంకా ముదరలేదు, నవంబరుకి రా, అప్పుడు కోత్తాం అన్నాడు. సూడండి, ఆయనకి సాయం ఎల్లబట్టి నాకు కళ్ళొచ్చినాయి!"

"మరి ఆయన కళ్ళు?"

"ఏటీ లేదన్నాడు డాక్టరు. ఆ డాక్టరుకి ఏటి తెలుసు? ఇరవయ్యేడు సెక్కలు ఒకే రంగని తెలవనోడికి కళ్ళు బాగున్నాయంటే నమ్ముతానా?"

రమణమూర్తి కిటికీలోంచి గోడవారనున్న చెక్కల వైపు చూశాడు. ఒకసారి చూసి తేల్చేసేవాళ్ళకి ఒక్కసారి చూసినంతే కనిపిస్తుంది. తేల్చుకోలేనివాడు చూస్తూనే ఉంటాడు. రంగు పడని ఆ మూలని జూలై పదకొండునే గంటసేపు చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ సంగతి కమిటీలో పైకి అంటే పని ఇంకొకరికి పోయేది. దాలయ్యతో అంటే అసలు ఆస్పత్రి గుమ్మమే ఎక్కేవాడు కాదు.

అందరూ వెళ్ళాక రమణమూర్తి హాల్లోకి వచ్చి మొదటి చెక్కని వెనక్కి తిప్పాడు. ఎందుకో తనకీ తెలీదు. అడుగున పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు: "ఇదే ఖాయం. జూలై 11. దాలయ్యకి కళ్ళు వచ్చాక." రెండోది తిప్పాడు. "ఇదీ అదే." మూడోది. "ఇదీ అదే." పద్నాలుగోది: "ఇదీ అదే. రమణమూర్తి రాజీనామా అంటున్నాడు, పాపం. టోర్నమెంటు లోపల అవాలి." ఇరవయ్యేడోది: "ఇదీ అదే. ఇంక నా వల్ల కాదు."

ఆర్నెల్లుగా ఈ మనిషి దగ్గర సిద్ధంగా ఉన్న నిర్ణయాన్ని దాచుకోవడానికి ఎంత కష్టపడి ఉంటారు! బతుకులో మొదటిసారి తొలిచూపులోనే ఒకటి ఎంచుకున్నారు. అది పైకి చెప్పుకునే యోగం లేకపోయింది.

దాలయ్య మూడు వారాల్లో నేల పూర్తి చేశాడు. పాత బెల్లం రంగు, కాలు జారనంత మెరుపు, ఏ మూలా వదల్లేదు. మూడుపూటలా అద్దాలు తుడుచుకుని నేల మీద బోర్లా పడుకుని మరీ చూసుకున్నాడు.

ఫిబ్రవరిలో టోర్నమెంటు మొదటిరోజు రమణమూర్తి అటక మీంచి బూట్లు దింపుకుని కోర్టులోకి దిగాడు. అడుగు వేస్తే నేల మెత్తగా తిరిగి తోసింది; మోకాళ్ళు తమ అదృష్టాన్ని తామే నమ్మలేదు. నాణెం ఎగరేశారు. అతనే గెలిచాడు. ముందు సర్వీసు కావాలా, కోర్టులో ఒకవైపు కావాలా అని అంపైరు అడిగాడు.

రమణమూర్తి మొదటి వరసలో కూచున్న ఆంజనేయులుగారి వైపు తిరిగాడు.

"మీరే చెప్పండి. ఏది తీసుకోను?"

ఆంజనేయులుగారు లేచారు. సముద్రం వైపు కోర్టు చూశారు. కొండ వైపు కోర్టు చూశారు. షటిల్ కాక్ చేతిలోకి తీసుకుని చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఈసారి నటన ఏమీ లేదు; అచ్చంగా తేలలేదు. ఎదుటి ఆటగాడు రాకెట్టుతో తొడ మీద కొట్టుకుంటున్నాడు. అంపైరు గడియారం చూసుకున్నాడు.

"ఏవండీ, తొందరగా చెప్పండి, ఏ వైపు?" అన్నాడు.

రమణమూర్తి కొత్తనేల మీద తాపీగా బాసింపట్టు వేసుక్కూచుని, అరచేత్తో చెక్కని ఒకసారి నిమిరాడు.

"ఆగండి బాబూ," అన్నాడు. "ఆయన చూస్తున్నారు."